నడిస్తే మెదడు ఇన్సులిన్ మాట వింటుందా? నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ నుంచి ఒక ఎపిసోడ్

ఈ రోజు ఎపిసోడ్ మీ ఇంట్లో యాభై దాటిన వాళ్ల గురించి. కానీ చూడాల్సింది మాత్రం మీరే. ఎందుకంటే వాళ్లు ఇలాంటి వీడియో ఓపెన్ చేయరు. మీరు చెప్తే వింటారు. వినకపోయినా ఒక చెవిలో అయితే పడుతుంది.

నేను ఇప్పుడు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్నా. టైమ్ పొద్దున ఆరుంపావు. ఒకవైపు అసెంబ్లీ, ఇంకోవైపు నాంపల్లి స్టేషన్, మధ్యలో ఈ చెట్లు. నా వెనకాల నడుస్తున్న వాళ్లని చూస్తున్నారు కదా, అందులో నా వయసు వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అంతా అరవైలు, డెబ్బైలు. మంకీ క్యాప్, స్పోర్ట్స్ షూస్, కుక్కల కోసం చేతిలో ఒక కర్ర. పొద్దున్నుంచి ఐదారుగురిని ఆపి అడిగాను, "ఎందుకు నడుస్తున్నారు అంకుల్?" అని. ఒకాయన షుగర్ అన్నారు. ఇంకొకాయన బీపీ అన్నారు. ఒక ఆంటీ అయితే "డాక్టర్ చెప్పిండు, మా కోడలు పంపిస్తది" అన్నారు.

"మెదడు కోసం" అని ఒక్కరూ అనలేదు. ఈ రోజు టాపిక్ అదే. వయసు పెరిగే కొద్దీ మన మెదడు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. ఎక్సర్‌సైజ్ చేస్తే ఆ వినికిడి మళ్లీ కొంత వస్తుందా? ఎంత తెలుసు, ఎంత తెలియదు, మనం చేయాల్సింది ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు బేసిక్స్

ఇన్సులిన్ గురించి మనకి స్కూల్లో చెప్పింది ఒకటే: అది తాళం చెవి. మనం అన్నం తింటాం, రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది, ప్యాంక్రియాస్ ఇన్సులిన్ వదులుతుంది, ఆ చెవితో కండరాల తలుపు తెరుచుకుంటుంది, గ్లూకోజ్ లోపలికి పోతుంది. ఇది కరెక్టే. కండరాల వరకు.

మెదడు సంగతి వేరు. మన బరువులో మెదడు 2 శాతం ఉంటుంది, కానీ విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే ఎనర్జీలో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. అంత గ్లూకోజ్ లోపలికి పోవడానికి మెదడు చాలావరకు ఇన్సులిన్ కోసం ఆగదు. దాని తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. అందుకే చాలాకాలం సైంటిస్టులు మెదడుకి ఇన్సులిన్‌తో పని లేదనుకున్నారు. 1978లో ఎలుకల మెదడులో చాలా చోట్ల ఇన్సులిన్ రిసెప్టర్లు ఉన్నాయని తేలాక ఆలోచన మారింది. పని లేకపోతే అన్ని రిసెప్టర్లు ఎందుకుంటాయి?

తర్వాత తెలిసింది ఏంటంటే, మెదడులో ఇన్సులిన్ ఎక్కువగా ఒక మెసేజ్‌లా పనిచేస్తుంది. హైపోథాలమస్ అనే భాగానికి పోయి "తిండి వచ్చింది, ఇక చాలు" అని చెప్తుంది. స్ట్రయేటమ్ అనే భాగంలో, ఎదురుగా బిర్యానీ కనపడితే మనకి పుట్టే ఆశ ఉంటుంది కదా, దాని వాల్యూమ్ తగ్గిస్తుంది. హిప్పోక్యాంపస్, అంటే కొత్త జ్ఞాపకాలు తయారయ్యే చోట, నరాల కణాల మధ్య కనెక్షన్లు గట్టిపడటానికి సాయం చేస్తుంది.

ఇప్పుడు రెసిస్టెన్స్ అంటే ఏంటి? మీ ఫోన్‌లో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ ఉంటుంది. రోజుకి రెండు వందల గుడ్ మార్నింగ్‌లు. ఏం చేస్తారు? మ్యూట్. తర్వాత నిజంగా ముఖ్యమైన మెసేజ్ వచ్చినా మీకు తెలీదు. ఏళ్ల తరబడి రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే కణాలు కూడా అలాగే మ్యూట్ పెడతాయి. మెదడుకి ఇంకో సమస్య కూడా ఉంది. రక్తం నుంచి మెదడులోకి ఇన్సులిన్ పోవాలంటే మధ్యలో ఒక కాపలా గోడ దాటాలి. రక్తంలో ఇన్సులిన్ ఎప్పుడూ ఎక్కువగా ఉండేవాళ్లలో ఆ గోడ దాటించే ఏర్పాటు నెమ్మదిస్తుంది. అంటే రక్తంలో మెసేజ్‌లు కుప్పలు, మెదడు లోపల మాత్రం తక్కువ. వయసు పెరిగినా ఇదే వైపు మార్పు కనిపిస్తుంది.

ఇది నాకెందుకు ముఖ్యం

ఇక్కడ కాస్త ఇంటి సంగతి చెప్పాలి. మాది అబిడ్స్‌లో బట్టల దుకాణం. మా బాపు, మా పెద్దబాపు ఇద్దరూ కలిసి నడిపారు. పెద్దబాపుకి ఇప్పుడు 71. షుగర్ వచ్చి ఇరవై ఏళ్లయింది. ఆయన లెక్క ఎలా ఉండేదంటే, కాలిక్యులేటర్ గల్లా మీద దుమ్ము పట్టి ఉండేది. పదహారు మీటర్లు, మీటరుకి ఇంత, డిస్కౌంట్ ఇంత అంటే నోటితోనే చెప్పేసేవారు.

మూడేళ్ల కింద ఒకరోజు ఆయన నాంపల్లి మెట్రో దిగి దుకాణానికి రాలేకపోయారు. నలభై ఏళ్లుగా నడిచిన రోడ్డు. స్టేషన్ రోడ్డు మీద ఎటు పోవాలో తెలీక ఒక టీ కొట్టు ముందు నిలబడ్డారు. తెలిసినాయన చూసి చేయి పట్టుకుని తీసుకొచ్చారు. తర్వాత డాక్టర్ డిమెన్షియా అన్నారు. షుగర్ వల్లే అని డాక్టర్ చెప్పలేదు, నేనూ చెప్పను. డిమెన్షియాకి ఒకటే కారణం ఉండదు. వయసు, బీపీ, చిన్న చిన్న స్ట్రోకులు, జీన్స్, చాలా ఉంటాయి. కానీ డయాబెటిస్ ఉన్నవాళ్లలో డిమెన్షియా రిస్క్ ఎక్కువ అన్నది చాలా స్టడీల్లో కనిపించిన విషయం. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకి మనం మార్చగలిగే 14 కారణాలని లిస్ట్ చేసింది. అందులో డయాబెటిస్ ఉంది, ఒళ్లు కదలకపోవడం కూడా ఉంది. ఆ 14నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులని ఆపడమో, వాయిదా వేయడమో కుదరొచ్చని వాళ్ల అంచనా.

మా బాపుకి 58. పోయిన ఏడాది హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. మన భాషలో "బార్డర్‌లో ఉంది". 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్ అంటారు. ఐసీఎంఆర్ ఇండియాబ్ స్టడీ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో డయాబెటిస్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ఈ బార్డర్ వాళ్లు 13.6 కోట్లు. మీ ఇంట్లో కూడా ఒకరు ఉండే ఉంటారు. పెద్దబాపుని రోజూ చూస్తూ బాపు రిపోర్ట్ చేతిలో పట్టుకుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ భయంతోనే నేను ఇదంతా చదవడం మొదలుపెట్టాను.

మెదడు వింటోందో లేదో ఎలా చూస్తారు?

రక్తంలో షుగర్ చూడ్డానికి వేలికి సూది చాలు. మెదడుకి ఎక్కడ గుచ్చుతాం? దీనికి రెండు తెలివైన పద్ధతులు ఉన్నాయి.

మొదటిది, ముక్కులో ఇన్సులిన్ స్ప్రే. ముక్కు దారిలో ఇన్సులిన్ నేరుగా మెదడుకి చేరుతుంది. స్ప్రే ముందు, తర్వాత ఎంఆర్ఐ తీస్తారు. మెదడులో రెస్పాన్స్ వస్తే వింటోందని, రాకపోతే మ్యూట్‌లో ఉందని. జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఇలాగే చేసి 2022లో జేసీఐ ఇన్‌సైట్ జర్నల్‌లో పబ్లిష్ చేశారు. బరువు ఎక్కువ ఉన్న, పెద్దగా కదలని 21 మంది, వయసు 21 నుంచి 59. ఎనిమిది వారాలు ట్రైనర్ల పర్యవేక్షణలో ఏరోబిక్ ఎక్సర్‌సైజ్. ఎనిమిది వారాల తర్వాత స్ట్రయేటమ్‌లో ఇన్సులిన్ రెస్పాన్స్ మామూలు బరువు ఉన్నవాళ్ల స్థాయికి వచ్చింది. మెదడు రెస్పాన్స్ బాగా మెరుగైన వాళ్లలో ఆకలి తగ్గింది, పొట్ట లోపలి కొవ్వు కూడా ఎక్కువ తగ్గింది.

కానీ వీళ్లు వయసు పైబడిన వాళ్లు కాదు. అందుకే రెండో స్టడీ ముఖ్యం. ఇది ఈ మధ్యే అమెరికాలో రట్జర్స్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, ఏజింగ్ సెల్ జర్నల్‌లో వచ్చింది. ఇక్కడ కూడా 21 మందే, కానీ సగటు వయసు దాదాపు 60, అందరికీ ప్రీడయాబెటిస్. అచ్చం మా బాపు ప్రొఫైల్. రెండు వారాల్లో 12 సెషన్లు, ఒక్కోటి గంట, మోస్తరు నుంచి గట్టి ఎక్సర్‌సైజ్.

వీళ్లు మెదడుని ఎలా చూశారు? ఇది అర్థం కావాలంటే మన అబిడ్స్ జీపీఓని గుర్తు తెచ్చుకోండి. అక్కడ రోజూ ఎన్నో పార్శిళ్లు వస్తాయి. పార్శిల్ మీద ఫ్రమ్ అడ్రస్ చూస్తే ఏ ఊరిదో తెలుస్తుంది, విప్పితే ఆ ఊర్లో ఏం తయారవుతోందో తెలుస్తుంది. మన కణాలు కూడా అలా చిన్న చిన్న పొట్లాలు రక్తంలోకి వదులుతాయి. ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటారు. మెదడులోని నరాల కణాలు వదిలిన పొట్లాలని, వాటి మీద ఉండే గుర్తుని బట్టి చేతి రక్తం నుంచే వేరు చేస్తారు. లోపల ఏకేటీ లాంటి ప్రోటీన్లు ఉన్నాయా అని చూస్తారు. ఏకేటీ అంటే ఇన్సులిన్ మెసేజ్ అందిన తర్వాత కణం లోపల దాన్ని ముందుకు ఫార్వర్డ్ చేసే ప్రోటీన్. గ్లూకోజ్ నీళ్లు తాగించి ముందు, తర్వాత శాంపిల్స్ తీస్తే, రెండు వారాల ట్రైనింగ్ అయ్యాక అలాంటి ప్రోటీన్లు మోసే పొట్లాలు పెరిగాయి.

రెండు వారాలే అని గమనించండి. రెండు వారాల్లో ఎవరూ పెద్దగా బరువు తగ్గరు. అయినా మార్పు మొదలైంది.

కాలు కదిపితే తలకి ఎలా తెలుస్తుంది?

మొదట కండరం. కండరం గట్టిగా పనిచేస్తే దానికి ఇన్సులిన్ చెవి లేకుండానే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. కండరం లోపల ఏటీపీ అనే ఎనర్జీ కరెన్సీ ఖర్చవుతుంది, ఖర్చయిందని కణానికి తెలుస్తుంది, గ్లూకోజ్‌ని లాక్కునే ట్రాన్స్‌పోర్టర్లు పైకి వస్తాయి. అన్నట్టు, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఏటీపీని కనిపెట్టిన కథలో మన వాడు ఒకాయన ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1920లలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పని అది. మనం మెట్లెక్కిన ప్రతిసారీ ఆయన చూసిన కెమిస్ట్రీయే నడుస్తుంటుంది.

కండరం గ్లూకోజ్ తీసేసుకుంటే ప్యాంక్రియాస్ అంత ఇన్సులిన్ పంపనక్కర్లేదు. గ్రూపులో మెసేజ్‌ల వరద తగ్గుతుంది. మ్యూట్ తీయడానికి అవకాశం వస్తుంది. దీంతోపాటు మెదడుకి రక్తప్రసరణ బాగుంటుంది, బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అది నరాల కణాలకి ఎరువు లాంటిది. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్ల మీద ఒక స్టడీ చేశారు. సగం మంది వారానికి మూడు రోజులు, ఏడాది పాటు నడిచారు, మెల్లగా పెంచుతూ 40 నిమిషాల వరకు. మిగతా సగం స్ట్రెచింగ్ చేశారు. నడిచిన వాళ్ల హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది. స్ట్రెచింగ్ వాళ్లది కొంచెం తగ్గింది. ఆ వయసులో తగ్గడమే మామూలు, అందుకే ఈ 2 శాతం చిన్నదిగా కనిపించినా చిన్నది కాదు.

ఇక్కడ బ్రేక్ వేద్దాం

ఇప్పుడు కామెంట్స్‌లో ఎవరో ఒకరు రాస్తారు: "బ్రో, అంటే నడిస్తే అల్జీమర్స్ రాదా?" అలా ఎవరూ ప్రూవ్ చేయలేదు. పైన చెప్పిన రెండు ఇన్సులిన్ స్టడీలూ 21 మందితో చేసినవి. రక్తంలో పొట్లాలు చూడటం అంటే మెదడుని కిటికీలోంచి చూడటమే, లోపలికి వెళ్లి చూడటం కాదు. రెండు వారాల్లో సిగ్నల్ మెరుగైతే, ఇరవై ఏళ్ల తర్వాత జ్ఞాపకశక్తి నిలబడుతుందని గ్యారంటీ లేదు.

ఇంకో విషయం. ఇంటర్నెట్‌లో అల్జీమర్స్‌ని "టైప్ 3 డయాబెటిస్" అని రాసేస్తుంటారు. అది డాక్టర్లు రిపోర్ట్‌లో రాసే జబ్బు పేరు కాదు. ఇన్సులిన్ సమస్య ఉంటే నేరుగా ఇన్సులిన్ ఇస్తే సరిపోతుంది కదా అని అమెరికాలో ముక్కు స్ప్రేతో పెద్ద ట్రయల్ కూడా చేశారు. తొలిదశ మతిమరుపు ఉన్న దాదాపు 290 మంది, ఏడాది పాటు. 2020లో రిజల్ట్ వచ్చింది: స్ప్రే తీసుకున్న వాళ్లకి, ఉత్తి స్ప్రే తీసుకున్న వాళ్లకి తేడా లేదు. మందుతో మెసేజ్‌లు పెంచడం వేరు, వినే శక్తి పెంచడం వేరు అని నాకు అనిపిస్తుంది. అది నా ఊహ, ప్రూఫ్ కాదు. కానీ నడకకి షుగర్, బీపీ, గుండె, నిద్ర, మూడ్ విషయంలో గట్టి సాక్ష్యం ఆల్రెడీ ఉంది. మెదడు ఇన్సులిన్ సంగతి దాని మీద బోనస్ అనుకోండి.

మన హైదరాబాద్ నుంచే ఒక మాట కూడా చెప్పాలి. పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి టీమ్ 648 మంది డిమెన్షియా పేషెంట్ల రికార్డులు చూసి 2013లో న్యూరాలజీ జర్నల్‌లో పబ్లిష్ చేసింది. రెండు భాషలు, అంతకంటే ఎక్కువ మాట్లాడేవాళ్లకి డిమెన్షియా దాదాపు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువుకోని వాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. అబిడ్స్‌లో ఏ దుకాణంలో నిలబడినా ఒకే బేరంలో తెలుగు, దక్కనీ, హిందీ మూడూ వినిపిస్తాయి. మా పెద్దబాపు నాలుగు మాట్లాడతారు. అంటే ఏ ఒక్కటీ పూర్తి రక్షణ ఇవ్వదు. ఒక్కోటి కొంచెం కొంచెం కాపాడుతుంది, అంతే.

మరి ఏం చేయాలి?

ఇది మా బాపుతో జరిగిన సంభాషణ. "బాపు, రేపటి నుంచి పబ్లిక్ గార్డెన్స్ పోదాం" అన్నాను. "పొద్దుగాల దుకాణం ఎవడు తెరుస్తడురా, నీ యూట్యూబోళ్లు వచ్చి తెరుస్తరా?" అన్నారు. పాయింటే. పొద్దున తొమ్మిదిన్నరకి గల్లా దగ్గర కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తారు. నేను గంట నడవమంటే జరిగే పని కాదు.

అప్పుడు నాకు పనికొచ్చింది ఇంకో చిన్న స్టడీ. 2013లో డయాబెటిస్ కేర్‌లో వచ్చింది. షుగర్ బార్డర్‌లో ఉన్న, అరవై దాటిన పది మంది. తిన్న తర్వాత మూడు పూటలా పదిహేనేసి నిమిషాలు నడిస్తే, ఒకేసారి 45 నిమిషాలు నడిచినంత బాగా రోజంతా షుగర్ కంట్రోల్ అయింది. రాత్రి తిన్నాక షుగర్ పెరగకుండా అయితే ఇంకా బాగా పనిచేసింది. పది మందే, తెలుసు. కానీ ఖర్చు లేదు, కొత్తగా టైమ్ వెతుక్కునే పని లేదు. "బాపు, డబ్బా తిన్నాక జీపీఓ దాకా పోయి రా. నేను గల్లా మీద కూర్చుంటా" అన్నాను. "లెక్క తప్పితే?" అన్నారు. "కాలిక్యులేటర్ ఉంది కదా" అన్నాను. నవ్వి చెప్పులేసుకున్నారు. ఆదివారం మాత్రం ఇక్కడికి వస్తాం. ఇప్పుడు కెమెరా వెనకాల ఎక్కడో ఉన్నారు, ఫ్రేమ్‌లోకి రమ్మంటే రారు.

సరే, మీ ఇంటికి పనికొచ్చేలా చెప్తాను.

ఒకటి, వారానికి 150 నిమిషాలు మోస్తరు స్పీడ్‌లో నడక. డబ్ల్యూహెచ్ఓ చెప్పే కనీసం ఇది. మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఇక్కడ కబుర్లు చెప్పుకుంటూ షికారు చేసే బ్యాచ్ ఒకటుంది, వాళ్లది అందులోకి రాదు.

రెండు, వరసగా రెండు రోజులకి మించి గ్యాప్ ఇవ్వద్దు. ఎక్సర్‌సైజ్ వల్ల ఒంట్లో ఇన్సులిన్ పనితీరు పెరిగేది ఒకటి నుంచి మూడు రోజులే, తర్వాత దిగిపోతుంది. ఆదివారం ఒక్కరోజే పది కిలోమీటర్లు నడవడం కంటే రోజూ కొంచెం మేలు.

మూడు, నడక ఒక్కటే సరిపోదు. వయసుతో కండ తగ్గుతుంది, కండ తగ్గితే గ్లూకోజ్ దాచుకునే గోదాము చిన్నదవుతుంది. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకి పుషప్స్ పదిసార్లు. మెట్రోలో ఎస్కలేటర్ వదిలేసి మెట్లు. 65 దాటితే బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు కూడా కావాలి, పడిపోకుండా.

నాలుగు, జాగ్రత్తలు. ఇన్సులిన్ ఇంజెక్షన్ లేదా గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి నడకలో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే తీపి తీసుకోవాలి. జేబులో గ్లూకోజ్ పొడో, చక్కెరో పెట్టండి. గుండె సమస్య ఉన్నా, నడిస్తే ఛాతీ పట్టేసినట్టున్నా ముందు డాక్టర్‌ని అడగాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు షూస్ లేకుండా నడవద్దు. ఎండాకాలంలో ఏడు లోపల ముగించండి.

ఐదు, మనోళ్ల స్పెషల్. నడక అయిపోగానే ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మానేయమని చెప్పను, నా మాట నేనే వినను. కానీ రోజూ వద్దు. జనవరి 1 నుంచి నుమాయిష్ పెడతారు కదా, అది 1938లో మొదలైంది ఈ పబ్లిక్ గార్డెన్స్‌లోనే, 1946లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. అమ్మానాన్నలతో మంచి నడక కావాలంటే అంతకంటే మంచి చోటు లేదు. స్టాల్స్ అన్నీ తిరగండి, మిర్చి బజ్జీ దగ్గర మాత్రం కొంచెం స్పీడ్ పెంచండి.

చివరగా ఒక మాట. మా పెద్దబాపుకి పోయిన లెక్కలు తిరిగి రావు. ఇప్పుడు ఆయన్ని కూడా సాయంత్రం చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపిస్తున్నాం. ఆయనకి జబ్బు తగ్గుతుందని కాదు, ఆ రోజు రాత్రి బాగా నిద్రపోతారు, మా పెద్దమ్మకి కాస్త ఊపిరి ఆడుతుంది. అదీ లెక్కలోకి వచ్చేదే.

మీరు చేయాల్సింది ఒకటే. ఈ వీడియో ఫ్యామిలీ గ్రూపులో పడేసి ఊరుకోకండి, అది ఎలాగూ మ్యూట్‌లో ఉంటుంది. ఈ రోజు రాత్రి భోజనం అయ్యాక ఫోన్ ఇంట్లో పెట్టి, "పద, పదిహేను నిమిషాలు తిరిగొద్దాం" అనండి. ఎవరిని తీసుకెళ్లారో, వాళ్లు ఏం సాకులు చెప్పారో కామెంట్స్‌లో రాయండి. బెస్ట్ సాకులు వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.

వచ్చేవారం నిద్ర తక్కువైతే షుగర్ ఎందుకు పెరుగుతుందో మాట్లాడుకుందాం. అప్పటిదాకా బై ఫ్రెండ్స్, జాగ్రత్త.